యూనీయ అను పేరు

కొంతకాలము క్రిందట మేమెరిగిన ఒక క్రైస్తవ కుటుంబమున వివాహమునకు పోయియుంటిమి. గుడిలో వధూవరులను నిలువబెట్టి పాదిరిగారు ఎఫెసీయులకు వ్రాయబడిన పత్రికనుండి అయిదవ అధ్యాయమును చదివిరి. భార్యలు భర్తలకు లోబడవలెనని చెప్పు ఇరువదిరెండవ వచనముతో ఆరంభించి అధ్యాయాంతమువరకు చదివి, దానిపై ప్రసంగించిరి. ప్రసంగము చక్కగనే యుండెను. భోజనములవేళ పెండ్లికుమార్తె నాయనమ్మగారు, ఎనుబదియేండ్లు దాటిన మనిషి, పాదిరిగారిని చేరబిలిచి, "అయ్యగారూ, ఆ పైవచనం మింగేశారేం?" అని అడిగినది. "అది సంఘమంతటికీ చెప్పిన మాటండీ, అమ్మగారూ" అని ఆయన సమాధానము. "మొగుడూ పెళ్ళామూ సంఘంలోవాళ్ళు కారా?" అని ఆమె నవ్వినది. పాదిరిగారును నవ్విరి. ఆ మాట అంతటితో ఆగినది.

ఆ పైవచనమున నున్నది, విశ్వాసులు ఒకరికొకరు లోబడియుండవలెనను బోధ. నాయనమ్మగారికి గ్రీకు రాదు. అయినను ఆమె వేలు పెట్టి చూపినచోటనే మూలగ్రంథమునందు చిక్కు ఉన్నది. సుమారు క్రీ. శ. 200 నాటి పపైరసు ప్రతియందును, నాలుగవ శతాబ్దినాటి వాటికను ప్రతియందును, ఇరువదిరెండవ వచనములో 'లోబడుడి' అను క్రియయే లేదు. 'ఒకరికొకరు లోబడుచు' అన్న ముందుమాటలోని క్రియయే భార్యలమాటకును చెల్లుచున్నది. తరువాతి వ్రాయసకాండ్రు వాక్యము స్పష్టమగుటకై క్రియను చేర్చిరి. వచనములకు అంకెలు వేసినదియు పౌలు కాదు. ముద్రాపకుడైన రాబర్టు ఎస్తియెన్ను 1551లో వేసినాడు. అంకెలు పడినపిమ్మట శీర్షికలును పడినవి. ఒక వాక్యము రెండు ముక్కలై, రెండవ ముక్క మాత్రమే పెండ్లిండ్లలో వినబడుచున్నది. తెలుగున క్రియ వాక్యాంతమున రావలసినదే గనుక మన అనువాదకులు దానిని చేర్చక తప్పదు. వారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు.

ఇంతమాత్రమున ఆ యధ్యాయము భార్యాభర్తలకు సమానాధికారము నిచ్చినదని వాదించుటయు సాహసమే. పురుషుడు స్త్రీకి శిరస్సని ఆ వెంటనే యున్నది. ఇంటి యజమానుని క్రింద భార్యను, బిడ్డలను, బానిసలను వరుసగా నిలుపు పద్ధతి క్రైస్తవమునకు పుట్టినదియు కాదు. అరిస్టాటిలు రాజనీతి గ్రంథమునాటికే అది గ్రీకులకు పరిచితము. పత్రికలో క్రొత్తగా కనబడునది వేరొకటి. లోబడవలసినవారిని నేరుగా పిలిచి మాటాడుట ఒకటి. భర్త తన ప్రాణమునిచ్చునంతగా భార్యను ప్రేమింపవలెనని యజమానునిపైన బరువు మోపుట రెండవది.

ఆ వరుసలో బానిసలుకూడ ఉన్నారని మరువరాదు. ఆరవ అధ్యాయమున బానిసలు యజమానులకు విధేయులు కావలెనని యున్నది. అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసలను ఏలినవారు ఈ మాటనే తమకు అండగా చూపిరి. దక్షిణ కరోలినాలోని చార్లెస్టనులో, బానిసలున్న యింట 1792లో పుట్టిన సారా గ్రిమ్కీ అను ఆమె ఆ వాదము విని పెరిగినది. పెరిగి బానిసత్వమును ఎదిరించి సభలలో మాటాడగా, 1837లో మసాచుసెట్సు రాష్ట్రపు పాదిరులు, ఇది స్త్రీలకు తగినపని కాదని లేఖ ప్రకటించిరి. ఆమె ఊరకుండలేదు. 1838లో స్త్రీ పురుషుల సమానత్వమునుగూర్చి తన లేఖలను అచ్చొత్తించినది. వానిలో ఆమె చెప్పిన యొక మాట మాకు ముఖ్యముగా తోచుచున్నది. ఇంతవరకు ఈ గ్రంథమును భాషాంతరీకరించినవారును, వ్యాఖ్యానించినవారును పురుషులే. స్త్రీలు గ్రీకు హెబ్రీ భాషలు నేర్చుకొన్ననాడు వేరు పాఠములు బయటపడునని ఆమె తాత్పర్యము. ఈ మాటకు ఫలితము కనబడుటకు నూరేండ్లకుపైగా పట్టినది.

సంఘమున స్త్రీల స్థానమునుగూర్చి వాదము వచ్చినపుడెల్ల ముందుకు వచ్చునవి రెండు చోట్లు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునాలుగవ అధ్యాయమున స్త్రీలు సంఘములలో మౌనముగా నుండవలెనని యున్నది. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక రెండవ అధ్యాయమున స్త్రీ ఉపదేశింపరాదని యున్నది. అయితే అదే కొరింథు పత్రికలో, మూడధ్యాయములకు ముందు, స్త్రీలు ప్రార్థించునపుడును ప్రవచించునపుడును ముసుగు వేసికొనవలెనని వ్రాసియున్నది. మాటాడకూడని మనిషికి మాటాడునప్పటి ముసుగునుగూర్చి నియమమేల? ఇంగ్లండులో లాంకాస్టరు చెరసాలయందుండి మార్గరెట్ ఫెల్ అను క్వేకరు స్త్రీ 1666లో ఒక చిన్న పుస్తకము ప్రకటించి, ఆ నిషేధము కొందరు అల్లరిమనుషులకేగాని స్త్రీజాతికి కాదని వాదించినది. అమెరికాలోని ఓబర్లిను విద్యాలయమున ఆంటోనెట్ బ్రౌన్ అను విద్యార్థిని ఈ రెండుచోట్లను శోధించి వ్రాసిన వ్యాసము 1849లో అచ్చటి పత్రికలో వెలువడినది. ఆమె దైవశాస్త్రమును పూర్తిగా చదివినను పట్టమీయలేదు. 1853లో న్యూయార్కు రాష్ట్రమునందలి ఒక గ్రామసంఘము ఆమెను తమ బోధకురాలిగా అభిషేకించుకొన్నది.

ఈ రెండు వాక్యములపై జరిగిన వాదములు కొండంత. తిమోతి పత్రిక పౌలు స్వయముగా వ్రాసినదా, శిష్యులెవరైన వ్రాసినదా యనుటలోనే పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఆజ్ఞలకు వ్యాఖ్యానములు ఎన్నియైనను చెప్పవచ్చును. పేర్లకు అంత సులభముగ చెప్పరాదు. కావున మేము ఆజ్ఞలను విడిచి పేర్లున్నచోటికి పోవుచున్నాము.

రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయమును శ్రద్ధతో చదువువారు తక్కువ. సిద్ధాంతమంతయు ముందే ముగిసినది, ఇక మిగిలినవి కుశలప్రశ్నలని దాటిపోదురు. పౌలు సుమారు క్రీ. శ. 57లో కొరింథునుండి ఈ పత్రికను వ్రాసి, తాను అంతవరకు చూడని రోమా నగరమునందు తనకు తెలిసినవారి కందరికి పేరు పేరున వందనములు పంపెను. ఉత్తరము తీసికొనిపోవుచున్న ఫీబేతో కలిపి లెక్కించిన, అందు పదిమంది స్త్రీలు కనబడుదురు. ప్రిస్క, మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు, రూఫు తల్లి, యూలియా, నేరియ సహోదరి, ఇంకను యూనీయ. ప్రిస్క పేరు భర్తయైన అకుల పేరునకు ముందే వచ్చినది. నలుగురు స్త్రీలను గూర్చి వారు ప్రయాసపడిరని ప్రత్యేకముగ చెప్పెను. ఆ మాటను పౌలు సంఘపు పనివిషయమున తననుగూర్చియే వాడుకొనుట గలదు.

ఫీబే కొరింథు తూర్పురేవగు కెంక్రేయ సంఘమునకు 'దియాకొనొస్'. ఈ గ్రీకుమాట పురుషులవిషయమున వచ్చినపుడు 1611 నాటి ఆంగ్లానువాదకులు సంఘోద్యోగులను అర్థమిచ్చు పదములను వాడి, ఫీబేవద్దకు రాగానే సేవకురాలు అను అర్థముగల మామూలుమాట వేసిరి. మన తెలుగు బైబిలు ఈ విషయమున మెచ్చదగినది. ఫిలిప్పీ సంఘపు ఉద్యోగులను పరిచారకులని, ఫీబేను పరిచారకురాలని, ఒకే మాటను లింగభేదముతో మాత్రము వాడినది. ఫీబేవంటి ఉద్యోగినులు ఉండిరనుటకు క్రైస్తవేతరుల సాక్ష్యమును కలదు. సుమారు 112లో బితూనియ దేశాధికారియైన ప్లీనీ, క్రైస్తవుల సంగతి విచారించుటకై, సంఘములో పరిచారికలని పేరుపొందిన ఇద్దరు దాసీలను హింసపెట్టి ప్రశ్నించితినని చక్రవర్తి ట్రాజనుకు వ్రాసెను. ఆ కాలమున ఆ పేరు మోయుటకు చెల్లించిన వెల అది. రోమను కతోలిక సంఘమున ఈ యుద్యోగము స్త్రీలకు తిరిగి ఈయవచ్చునా యను విచారణకు 2016లోను, మరల 2020లోను పోపు ఫ్రాన్సిసు పండితసంఘములను నియమించెను.

ఇక ఏడవ వచనము. అంద్రొనీకు, యూనీయ అను ఇద్దరికి పౌలు వందనములు చెప్పుచు, వారు తన బంధువులనియు, తనతో చెరయందుండినవారనియు, అపొస్తలులలో ప్రసిద్ధులనియు, తనకంటె ముందే క్రీస్తును నమ్మినవారనియు అన్నాడు. ఒక్క వాక్యమున ఇన్ని గౌరవములు పొందినవారు ఆ యధ్యాయమున మరెవ్వరును లేరు.

యూనీయ స్త్రీయా, పురుషుడా?

గ్రీకున ఈ పేరు ద్వితీయావిభక్తిలో 'యూనియన్' అని యున్నది. ప్రాచీన ప్రతులు పెద్దయక్షరములతో, స్వరచిహ్నములు లేక వ్రాయబడినవి. కావున అక్షరములను చూచి లింగము చెప్పవీలులేదు. 'నీ' పై స్వరముంచిన యెడల యూనియా అను స్త్రీ. చివరియక్షరముపై వంపుస్వర ముంచిన యెడల యూనియాస్ అను పురుషుడు. వేదము చదివినవారికి ఇది వింత కాదు. త్వష్ట 'ఇంద్రశత్రు' శబ్దమున స్వరము తప్పి పలుకగా, ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రునిచేత చచ్చిన కథ వైయాకరణులు చెప్పుదురు గదా. ఇచ్చట చచ్చినది రాక్షసుడు కాదు, ఒక స్త్రీ. అదియు చాలకాలము తరువాత, ముద్రాక్షరశాలలో.

తొలి వ్యాఖ్యాతలకు సందేహము లేదు. గ్రీకు మాతృభాషగా గలవాడు, వక్తృత్వమునకు బంగారునోటివాడని పేరొందినవాడు, 398లో కాన్‌స్టాంటినోపులు పీఠమెక్కిన యోహాను క్రిసోస్తొము ఈ వచనముపై ప్రసంగించుచు, అపొస్తలుల లెక్కలో చేరదగినంతటి ఈ స్త్రీ జ్ఞానము ఎంతటిదో యని ఆశ్చర్యపడెను. ఆయన స్త్రీపక్షపాతి యని ఎవరును అనజాలరు. సభలో పెద్దపీటపై కూర్చుండి బోధించుట స్త్రీకి తగదనియే ఆయన మతము. తన మతమునకు అడ్డమైనను, చదివినదానిని చదివినట్లు చెప్పెను. అది ఆయన నిజాయితీ. ఎపిఫానియుసు పేరున చెల్లుచున్న ఒక శిష్యుల జాబితాలో మాత్రము యూనీయ పురుషుడై సిరియాలో బిషప్పయినాడు. ఆ జాబితాకర్త ప్రిస్కనుకూడ పురుషుని చేసి మరియొక ఊరికి బిషప్పుగా పంపినాడు గనుక ఆయన మాటకు ఎంత విలువ యీయవలెనో శ్రోతలే నిర్ణయింతురు గాక.

1316లో మరణించిన రోమా నగరపు ఈజిడియుసు ఇద్దరిని పురుషులని వ్యవహరించెను. లూథరు 1522 నాటి జర్మను అనువాదమున పురుషనామమునే వేసినాడు. లూథరు మాటకు జర్మనీలో ఎంత బలమో చెప్పనక్కరలేదు. అయినను గ్రీకు మూలమును అచ్చువేసినవారు చాలకాలము చలింపలేదు. స్వరచిహ్నములుగల వ్రాతప్రతులు దాదాపు అన్నియు స్త్రీనామముగనే చూపుచుండెను. ఎరాస్మసు 1516లో అచ్చొత్తించినది మొదలు నాలుగువందల యేండ్లు ముద్రితగ్రంథములలోను ఎక్కువగ అదే రూపము. 1611 నాటి ఆంగ్లబైబిలున జూనియాయే. 1881 నాటి సవరణలో ఆమె జూనియాస్ అయినది. 1927లో, పండితులందరు వాడుచుండిన నెస్లే గారి గ్రీకు ముద్రణలో స్వరము మారినది. క్రొత్త వ్రాతప్రతి దొరికి మార్చినది కాదు. క్రొత్త శాసనము దొరికియు కాదు. 1946లో అమెరికాలో వెలువడిన అనువాదము ఆ యిద్దరిని 'పురుషులు' అనియే వ్రాసివేసినది. గ్రీకులో ఆ మాట లేదు.

ఇంత జరుగుటకు కారణమేమి? యూనియాస్ అనునది యూనియానుస్ అను లాటిను పేరునకు కురుచ రూపము కావచ్చునని పండితులు ఊహించిరి. సిల్వానుస్ సీల అయినట్లే యని వారి యుపమానము. ఊహ ఊహగా తప్పు కాదు. కాని ఆ కురుచ పేరుగల పురుషుడు పురాతన గ్రీకు లాటిను వ్రాతలలోగాని శాసనములలోగాని ఒక్కడును దొరకలేదు. స్త్రీపేరు మాత్రము రోమా నగర శాసనములలోనే 250కి పైగా కనబడుచున్నది. రోమనులలో ఆడబిడ్డకు వంశనామమే పేరగుచుండెను. యూనియుస్ వంశమున పుట్టిన ప్రతి ఆడబిడ్డయు యూనియాయే. జూలియస్ సీజరు నాటకము ఎరిగినవారికి బ్రూటసు గుర్తుండును. ఆయన సవతి చెల్లెలు, కాసియసు భార్య, ఈ పేరుగలదే.

అసలు కారణమును 1994లో బ్రూస్ మెట్జ్‌గరు పండితుడు దాచక చెప్పెను. గ్రీకు మూలమును నిర్ణయించు సంఘమునందలి కొందరు సభ్యులు, అపొస్తలులనబడువారిలో ఒక స్త్రీ యుండుట అసంభావ్యమని తలచి ఆ పేరును పురుషనామముగ గ్రహించిరని ఆయన వ్యాఖ్యలో కలదు. స్త్రీ అపొస్తలురాలు కాజాలదు. ఈ మనిషి అపొస్తలుడు. కావున ఈ మనిషి స్త్రీ కాదు. తర్కమున లోపము లేదు. మొదటి మాటను ఎచ్చటనుండి తెచ్చిరన్నదే ప్రశ్న. దానిని ఈ గ్రంథమునుండి తెచ్చియుండలేరు. ఈ గ్రంథమున దానికి విరుద్ధమైన సాక్ష్యము ఇదియే గదా.

1977లో బెర్నడెట్ బ్రూటెన్ అను పండితురాలు ఈ చరిత్రనంతయు తడవి చిన్న వ్యాసము వ్రాసినది. సారా గ్రిమ్కీ కోరినట్లు గ్రీకు నేర్చిన స్త్రీయే ఆ పని చేసినది. 1989 నాటి ఆంగ్ల సవరణలో జూనియా తిరిగి వచ్చినది. 1998లో నెస్లే ముద్రణకు నూరేండ్లు నిండిన సందర్భమున వెలువడిన ప్రతిలో గ్రీకు స్వరమును మునుపటిచోటికి చేరినది. పురుషరూపము ఆ పుటలో అధోజ్ఞాపికగనైన మిగులలేదు. ఎల్డన్ ఎప్ పండితుడు 2005లో ఈ విషయముపై ఒక గ్రంథమే రచించెను.

వాదము ముగిసినదని తలచుట తొందరపాటు. 2001లో ఇద్దరు అమెరికను పండితులు, పేరు స్త్రీదే యని అంగీకరించి, వాక్యార్థము వేరని వాదించిరి. 'అపొస్తలులలో ప్రసిద్ధులు' కాదు, 'అపొస్తలులకు బాగుగ తెలిసినవారు' అని వారి అన్వయము. అదే యేట వెలువడిన ఒక ఆంగ్లబైబిలు దానిని మూలమున చేర్చుకొన్నది. గ్రీకు విభక్తి కొంతవరకు ఆ యర్థమునకును చోటిచ్చునదే. వారు పండితులు, వారి వాదమును త్రోసిపుచ్చరాదు. అయినను ఒక సంగతి గమనింపక తీరదు. అపొస్తలుడని ఒప్పుకొన్నంతకాలము స్త్రీ కాదన్నారు. స్త్రీయని ఒప్పుకొనవలసి వచ్చినవెంటనే అపొస్తలురాలు కాదనుచున్నారు. ఆ భాషలోనే పుట్టి పెరిగిన క్రిసోస్తొమునకు అపొస్తలులలోని స్త్రీయనియే అర్థమైనది. మేము ఆయనపక్షముననే యున్నాము. ఇంతకు అపొస్తలుడనగా పంపబడినవాడు. ఆ పేరు పండ్రెండుగురికే చెల్లినది కాదు, బర్నబాకును ఉన్నది. యూనీయ ఏ యూరికి పోయినది, ఎవరికి బోధించినది, ఏ చెరయందు పౌలుతో నుండినది అను కథ ఏదియు మనకు చేరలేదు.

తెలుగు బైబిలు ఈ వచనమున విభక్తిసంశయము నుంచలేదు. 'అపొస్తలులలో' అనియే వ్రాసినది. లింగమును మాత్రము మన భాష మెల్లగా కప్పివేసినది. 'వీరు', 'వారు' అనుచోట ఆడయు మగయు ఒకటియే. పేరును బట్టి తెలియునా యన్న, అదే యధ్యాయమున మరియ స్త్రీ, నేరియ పురుషుడు. చివరి 'య' మనకు ఏమియు చెప్పదు. ప్రవక్తకు ప్రవక్త్రి యను మాట మన బైబిలున ఉన్నది. పరిచారకునికి పరిచారకురాలున్నది. అపొస్తలురాలు అనుమాట గుడులలో మేమెన్నడును వినలేదు.

ఆ మాట లేకున్నను పని ఆగినదనలేము. తెలుగునాట మిషనుల కాలమున బైబిలు స్త్రీలని పేరొందినవారు ఇంటింటికి పోయి, పురుష బోధకులు అడుగుపెట్టరాని లోగిళ్ళలో చదివి వినిపించిరి, చదువును నేర్పిరి. వారికి పీఠము లేదు, పట్టాభిషేకము లేదు. 2013లో దక్షిణ ఇండియా సంఘము నంద్యాల మండలమునకు పుష్పలలితగారిని బిషప్పుగా అభిషేకించినది. 1947లో ఏర్పడిన ఆ సంఘమునకు ఆమెయే తొలి స్త్రీ బిషప్పు. అదే దేశమున స్త్రీలకు గురుపట్టమీయని సంఘములును ఉన్నవి. వారు చదువునదియు ఈ పత్రికలనే.

ఈ ప్రసంగము వ్రాయుచుండగా ఆ నాయనమ్మగారిని మరల చూడబోయితిమి. పెద్దయక్షరముల బైబిలు తెరచి రోమా పత్రిక పదునారవ అధ్యాయము చూపి, యూనీయ సంగతి చెప్పితిమి. ఆమె కండ్లజోడు సవరించుకొని ఆ వచనమును రెండుమార్లు మెల్లగా చదువుకొన్నది. "ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరూ అన్నదమ్ములనుకుంటున్నాను నాయనా" అన్నది.